సుమయా తెరిచిన పద్నాలుగు ఖాతాలు

తెనాలి స్టేషన్ రోడ్డులోని ఒక ఫొటో స్టూడియోలో సుమయా తొమ్మిదేళ్లు ఆల్బమ్ డిజైనర్‌గా పనిచేసింది. యజమాని నాగమల్లేశ్వరరావుకి బాపట్లలోనూ రేపల్లెలోనూ చిన్న స్టూడియోలున్నాయి. మూడు ఊళ్ల పెళ్లి ఫొటోలూ ఆమె కంప్యూటర్‌కే చేరాలి. మొదట్లో పెన్‌డ్రైవ్‌లు బస్సులో పంపేవాళ్లు. ఒకసారి ఒక పెన్‌డ్రైవ్ దారిలో పోయింది. అప్పుడు సుమయాయే తన సొంత మెయిల్‌తో ఫొటోలు క్లౌడ్‌లో పెట్టి పంపుకునే పద్ధతి నేర్పింది.

నాలుగు పెళ్లిళ్లకే ఉచితంగా ఇచ్చే చోటు నిండిపోయింది.

"ఇంకొకటి తెరువమ్మా. ఊరికే వస్తుంటే కొనడమెందుకు?" అన్నాడు నాగమల్లేశ్వరరావు.

తెరిచింది. అదీ నిండింది. ఒకే నంబరు మీద ఇన్ని ఖాతాలు కుదరవని కంప్యూటర్ మొరాయిస్తే భర్త జమీర్ నంబరు ఇచ్చింది. ఆ తర్వాత తమ్ముడు వాసిం నంబరు. అలా పద్నాలుగయ్యాయి. తెర పై మూలన తెనాలి ఖాతాలకు ఆకుపచ్చ, బాపట్లవాటికి నీలం, రేపల్లెవాటికి నారింజ రంగు పెట్టుకుంది. ఏ పెళ్లి ఎందులో ఉందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. చాలాకాలం అది ఆమెకు గర్వంగానే ఉండేది.

కిందటి జూన్‌లో రేపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచర్ ఉద్యోగం వచ్చింది. జమీర్ పనిచేసే ఐసు ఫ్యాక్టరీ ఉన్నదీ ఆ ఊళ్లోనే. నాగమల్లేశ్వరరావు అడ్డు చెప్పలేదు సరికదా, స్వీట్లు పంచి మరీ పంపాడు. తన చోట చేరిన సాయి సుధకి పాస్‌వర్డులన్నీ నోటుబుక్కులో రాసిచ్చి సుమయా రేపల్లెలో కాపురం పెట్టింది.

మూడో రోజు ఎనిమిదో తరగతికి పాఠం చెబుతుంటే ఫోను మోగింది.

"అక్కా, ఓటీపీ మీకొచ్చిందండి. కొంచెం చెప్పరా? కస్టమర్ ఎదురుగా కూర్చున్నారు," అంది సాయి సుధ.

చెప్పింది. మధ్యాహ్నం బాపట్ల స్టూడియో చూసుకునే బాబూరావు చేశాడు. మర్నాడు మళ్లీ సాయి సుధ. ఎవరు ఎక్కడ ఖాతా తెరిచినా, అది మీరేనా అని ఈమె ఫోను ఈమెనే అడిగేది. క్లాసులో ఫోను తీయొద్దని ప్రిన్సిపాల్ రెండుసార్లు చెప్పింది. ఒకరోజు ఫోను ఆపేసి బ్యాగులో పెట్టుకుంది. ఆ పూటంతా అక్కడ పని ఆగిపోయింది. సాయంత్రం తెరిచి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. అప్పట్నుంచి ఫోను చప్పుడైతే చాలు, పాఠం ఆపి వరండాలోకి వెళ్లేది.

"ఆ నంబరు తీసి పారెయ్యరాదూ?" అన్నాడు జమీర్.

"బ్యాంకూ, ఆధారూ, గ్యాసూ అన్నీ దీనిమీదేగా. ఎట్లా పారేస్తా?"

స్టూడియో పేరున వేరే సిమ్ము తీసుకుని ఖాతాలన్నీ దానికి మార్చుకోమని నాగమల్లేశ్వరరావుని ఎన్నోసార్లు అడిగింది. "నువ్వుంటే నాకు ధీమా తల్లీ," అనేవాడాయన ఆప్యాయంగా. ఆయన ఒక్కసారి కసిరినా తిరిగి గట్టిగా అనగలిగేదేమో. ఆ మంచితనం ముందు మరో ఓటీపీ చెప్పి ఊరుకునేది.

దసరా వెళ్లాక రేపల్లె దగ్గరి లంక గ్రామం నుంచి ఆదాము అనే రైతు అక్కడి స్టూడియోకి వచ్చాడు. కూతురి పెళ్లి ఆల్బమ్ వరదలో నానిపోయింది. చనిపోయిన అతని తల్లి ఫొటోలు అందులో తప్ప వేరే ఎక్కడా లేవట. ఆ పెళ్లి ఉన్న నారింజ ఖాతా వాసిం పాత నంబరు మీద ఉంది; తెరవాలంటే ఓటీపీ దానికే వెళ్తుంది. వాసిం ఆ నంబరు వదిలేసి నాలుగేళ్లు దాటింది. ఇప్పుడది ఎవరి దగ్గరుందో తెలియదు.

సుమయా ఆ నంబరుకి ఫోన్ చేసింది.

"ఓటీపీ చెప్పాలా? ఇట్లాంటి మాటలకే మా తోడల్లుడు బ్యాంకులో ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. పెట్టేయమ్మా," అన్నాడు అవతలి మనిషి.

బతిమాలితే, దుగ్గిరాల పసుపు యార్డులో కాటా వేస్తాననీ, ధైర్యముంటే ఎదురుగా వచ్చి అడగమనీ అన్నాడు. ఆ ఆదివారం జమీర్‌ని తీసుకుని వెళ్లింది. ఆయన పేరు వెంకటకృష్ణయ్య. అరవై దాటాయి. ఆమె చెప్పిందంతా విని, చొక్కా జేబులోంచి ఫోను తీశాడు.

"నాలుగేళ్ల నుంచీ నాకీ ఇంగ్లీషు మెసేజీలు వస్తున్నాయి. ఎవడో నా డబ్బు కాజేస్తున్నాడని వచ్చింది వచ్చినట్టు చెరిపేస్తున్నా. అవి నీవా?"

"మావేనండి బాబాయ్. మీకింత ఇబ్బందని తెలీదు."

ఆమె తెనాలికి ఫోన్ చేయగానే సాయి సుధ స్టూడియో కంప్యూటర్లో ఖాతా తెరవబోయింది. వెంకటకృష్ణయ్య ఫోనుకి మెసేజీ వచ్చింది. ఆయన కళ్లజోడు సర్దుకుని ఒక్కో అంకే కూడబలుక్కుని చదివాడు. కాసేపటికి సాయి సుధ ఒక ఫొటో పంపింది. పెళ్లి పందిట్లో మనవరాలి చెయ్యి పట్టుకుని నవ్వుతున్న ముసలమ్మ. వెంకటకృష్ణయ్య ఆ ఫొటోని చాలాసేపు చూశాడు.

"సరే. ఇక నా నంబరు తీసేయండమ్మా," అన్నాడు.

ఆదాముకి ఫొటోలు అందాయి సరే, యార్డు దాకా వెళ్లి ఒక పెద్దాయన్ని ప్రాధేయపడాల్సి వచ్చిందని తెలిశాక నాగమల్లేశ్వరరావు సిగ్గుపడ్డాడు. మర్నాడే సిమ్ము కొన్నాడు. సుమయా ఐదు ఆదివారాలు తెనాలి వెళ్లి పదమూడు ఖాతాలను ఆ సిమ్ముకి మార్చింది.

మిగిలింది మొదటిది. అది ఆమె సొంత మెయిల్. అందులో బ్యాంకు ఉత్తరాలున్నాయి, కూతురు పుట్టినప్పటి ఫొటోలున్నాయి. దాన్ని ఆ సిమ్ముకి మార్చలేదు. స్టూడియో ఫొటోలన్నీ హార్డ్ డిస్క్‌లోకి దించి, ఒక్కో పెళ్లీ తీసేస్తూ వచ్చింది. డిసెంబరు నాటికి సగం ఖాళీ అయింది. సంక్రాంతి సెలవుల్లోగా పాస్‌వర్డు మార్చేస్తానని అందరికీ చెప్పింది.

తర్వాతి బుధవారం స్టాఫ్‌రూంలో కూర్చుని చూసుకుంటే ఖాతా మళ్లీ నిండిపోయి ఉంది. బాపట్ల పేరుతో కొత్త ఫోల్డరు, అందులో రెండు పెళ్లిళ్లు. బాబూరావుకి ఫోన్ చేసింది.

"ఖాళీ కనపడిందమ్మా, అందుకే పెట్టా. నీదేగా, ఎక్కడికీ పోవని," అన్నాడు అతను సంతోషంగా.

సుమయా ఫోను పెట్టేసింది. వాటినీ డిస్క్‌లోకి దించడానికి ఆ ఆదివారం కూడా తెనాలి వస్తున్నానని సాయి సుధకి మెసేజీ పెట్టి, ఫోను బ్యాగులో వేసుకుని క్లాసుకి నడిచింది.