కొత్తిమీర ఆంటీ

బెంగళూరు కె.ఆర్.పురం స్టేషన్‌లో నా పక్కన కూర్చున్న అమ్మాయి టీషర్టు చూడగానే నా నోరు ఊరుకోలేదు. దాని మీద ఉన్నది ఈమధ్యే మూతపడిన కూరగాయల యాప్ పేరు. మూతపడేదాకా నేను వాళ్ళ దగ్గరే తెప్పించుకున్నాను, రోజూ చాట్‌లో పోట్లాడుతూనే.

"ఏమ్మా, ఇందులో పనిచేసేదానివా? ఒక్కరోజన్నా వాడిపోని కొత్తిమీర పంపినారా మీరు?"

ఆమె గిరుక్కున తిరిగింది. "మీరు కొత్తిమీర ఆంటీనా?"

తనూ, ఇంకో ఇద్దరు స్నేహితులూ కలిసి మడివాళలో ఒక్క గదిలో మొదలుపెట్టిన కంపెనీ అట. నా ఫిర్యాదు రాగానే జవాబెవరు రాయాలా అని పోటీపడేవాళ్ళట.

"పెద్ద ఆఫీసుకు మారి, స్టాఫ్‌ను పెట్టుకున్నాక కూడా మీ చాట్ ఎవరికీ ఇవ్వలేదాంటీ. మేమే రాసేవాళ్ళం."

ఒంటరిగా ఉండేదాన్ని, కట్ట కొత్తిమీర కోసం అంత పోట్లాట ఎందుకో నాకు తెలుసు. పోట్లాడితే జవాబు వచ్చేది.

"తక్కిన ఇద్దరూ యాడుండారు?"

"కంపెనీ పోయినాక తప్పు నీదంటే నీదనుకున్నాం. ఇప్పుడు మాటల్లేవు." ఫోన్ నా ముందు పెట్టింది. "ఒక్కసారి తిట్టండాంటీ. రికార్డ్ చేసి మా ముగ్గురి వాట్సాప్ గ్రూపులో పెడతా. మీ గొంతు మేమెవరమూ వినలేదు."

అడిగి తిట్టించుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు. "ఏమప్పా, ముగ్గురూ యాడికి పోయినారు? నా కొత్తిమీర ఏదీ?" అన్నాను.

పంపేసి, ఇద్దరం ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాం. రెండు టిక్కులు పడ్డాయి. అవి నీలం కాకముందే ఆమె రైలు వచ్చింది.

ఇప్పుడు మా వీధి కొట్టులో కొత్తిమీర ఎలా ఉన్నా, పోట్లాడకుండా తెచ్చుకుంటున్నాను.