సాంచాల గొంతు

మద్యనిషేధం ఉన్న రాష్ట్రంలో తాగుబోతు కావాలంటే కాస్త శ్రమపడాలి. నేను పడ్డాను. సూరత్‌కు వచ్చిన పదిహేనేళ్ళలో గుజరాతీ సరిగా రాలేదు గానీ, ఏ సందులో ఏ తలుపు కొడితే సీసా వస్తుందో మాత్రం కంఠతా వచ్చేసింది.

మానడానికి దారి వెతకడం అంతకంటే కష్టమైంది. క్లినిక్‌లో మన తెలుగు డాక్టరు నా కళ్ళు చూసి, "తాగుడు మానినవాళ్ళు ఆదివారం పొద్దున లింబాయత్‌లో ఒక బడి మేడ మీద కలుస్తారు. పేరు అడగరు. వెళ్ళండి" అన్నాడు. ఏ బడో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆదివారం ఆటో దిగి, పాన్ డబ్బా అతని మీదకు వంగి, "భాయ్, తాగేవాళ్ళు కూర్చునే చోటు ఎక్కడ?" అన్నాను. అతను అటూ ఇటూ చూసి, కంటితోనే ఒక సందు చూపించాడు. వెళ్తే తలుపు వెనక సారా డ్రమ్ము! దేవుడి మీద ఒట్టు, వెనక్కి తిరిగాను. తిరగడానికి ఐదు నిమిషాలు పట్టింది, అంతే. మళ్ళీ వారం బుద్ధి తెచ్చుకుని, మానేవాళ్ళ చోటు అడిగాను. అతను నవ్వు ఆపి బడి చూపించాడు.

ఈ సంగతి మా ఆవిడకు చెప్పలేదు. అప్పటికే పాప నెత్తి మీద చెయ్యి పెట్టి నాలుగుసార్లు ఒట్టేసి, నాలుగూ తీసి గట్టున పెట్టాను. చివరిసారి ఆవిడ, "మల్లొక్కసారి తాగినవని తెలిస్తే, పిల్లను దీస్కొని జోల్వ ఊర్ల మా అన్నోల్లింటికి పోత. మల్ల రాను" అంది. అరిచి చెప్పి ఉంటే భయపడేవాణ్ణి కాదు, బియ్యంలో రాళ్ళు ఏరుతూ చెప్పింది. ఐదో ఒట్టుకు నాకే మొహం చెల్లలేదు. అందుకని ఆదివారం ఓవర్‌టైమ్ అని చెప్పి వెళ్ళేవాణ్ణి. మానడానికి వెళ్తూ కూడా అబద్ధమే ఆడాను.

మేడ మీద అది ఒకటో తరగతి గది. పదిమంది మగాళ్ళం బుల్లి బెంచీల మీద మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా కూర్చునేవాళ్ళం. మాకు పెద్దదిక్కు ఒక గుజరాతీ కాకా. ఒక్కొక్కరూ తమ సంగతి చెప్తారు, మిగతావాళ్ళు వింటారు, ఆ మాట గది దాటదు. ఐదు వారాలు నేను టీ తాగి వచ్చేశాను. బేరమైతే హిందీలో ఆడగలను గానీ, ఏడుపు హిందీలో రాదు నాకు. ఆరో వారం కాకా, "నీ భాషలోనే చెప్పు భాయ్. అర్థం కాకపోయినా వింటాం" అన్నాడు.

ఇంతకంటే అదృష్టం ఉంటుందా! చెప్పినట్టూ ఉంటుంది, ఎవరికీ తెలియనట్టూ ఉంటుంది. లేచి నిలబడి మొదలుపెట్టాను.

ఒక్కటే మరిచాను. మరమగ్గాలను మేం సాంచాలంటాం. ఏళ్ళ తరబడి వాటి మోతలో పనిచేసినవాడికి గుసగుస అనేది ఉండదు. మేం ఇంట్లో ఉప్పు అడిగితే పక్కింటివాళ్ళు తెచ్చిస్తారు. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి, కింద వీధి నిండా మా తెలుగువాళ్ళే. "ధీమే, భాయ్, ధీమే" అని కాకా మెల్లగా మాట్లాడమని చెయ్యి ఊపుతుంటే, ఓదారుస్తున్నాడనుకుని ఇంకా గొంతు పెంచాను.

చెప్పింది ఇది. కిందటేడు పాపను బడి నుంచి తీసుకురావలసిన రోజు నేను తాగి పడిపోయాను. అది సాయంత్రం దాకా బడి మెట్ల మీదే కూర్చుంది. కార్ఖానాలో ఒకడి చెయ్యి సాంచాలో పడిందని, వాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళానని ఇంట్లో చెప్పాను. మా ఆవిడ నమ్మింది. పైగా అసలు లేనే లేని ఆ మనిషికి మూడు రోజులు అన్నం డబ్బా కట్టి పంపింది. సీసా పక్కన పెట్టుకుని అది నేనే తిన్నాను. మూడో రోజు గుడ్డు కూడా వేసింది.

చెప్తూ ఏడ్చాను. సిగ్గేసింది, తేలిగ్గానూ అనిపించింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కాకా నా వీపు తట్టాడు.

కిందికి దిగేసరికి కూరగాయల బండి దగ్గర బేరాలు ఆగిపోయి ఉన్నాయి. అందరూ నన్నే చూస్తున్నారు. మెట్ల పక్కన మా ఆవిడ. ఆదివారం కార్ఖానాకు తాళమేస్తారని ఆవిడకు తెలియదా? ఇంట్లో తనవీ పాపవీ బట్టలు సంచీలో సర్దిపెట్టి, ఏ అడ్డాకు పోతున్నానో కళ్ళారా చూద్దామని వెనకే వచ్చిందట. చేతిలో కొనని బెండకాయ ఒకటి ఉంది.

"డబ్బ నువ్వే తిన్నవా?"

"ఆఁ."

"మూడు దినాలు?"

"ఆఁ."

"వాని చెయ్యి మంచిగ గావాలని మొక్కిన. ఏడాదైతుంది. శనారం శనారం ఒక్కపొద్దుంటున్న. ఇంకా ఇడువలే."

శనివారాలు ఒక పూట తినడం లేదని తెలుసు. ఎందుకని నేను ఒక్కనాడూ అడగలేదు. అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

"లెవ్వు, అందరు జూస్తున్రు" అంది. "వాడు లేనే లేడాయె. ఇగ ఆ ఒక్కపొద్దు నీ పేరు మీద ఉంట. సర్దిన బట్టలు మాత్రం తియ్యను."

చుక్క ముట్టక రెండేళ్ళు దాటింది. సంచీ ఇంకా బీరువా మీదే ఉంది. అందులోని గౌన్లు ఇప్పుడు పాపకు పట్టవు.