చెల్లమ్మక్క మాట

నాటకాల వేషానికి ముఖాన పూసే పచ్చటి అరిదళం పొడి వాసన తగిలితే, 1930లలో తమిళనాట కోవిల్‌పట్టిలో మా తెలుగు వీధి ఆడపిల్లలం వేసిన నాటకం గుర్తొస్తుంది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు, నాది కూతురి వేషం. రిహార్సల్‌లో అందరి మాటలూ వాళ్లతోపాటు పైకే చెప్పేసేదాన్ని. అది తెలివనుకున్నాను.

తల్లి వేషం కట్టిన చెల్లమ్మక్క ఒకరోజు ఆగిపోయింది. "నా మాటంతా నువ్వే చెప్తే నేనేంటికి ఈడ?"

"నువ్వు ఊరక విను పాపా," అంది నేర్పించే టీచరమ్మ.

వేషం తీసేశారనుకుని ఇంటికెళ్లి ఏడ్చాను.

"వినమనిందే గదా, పొమ్మనలేదే," అంది అమ్మ.

మర్నాడు నోరు మూసుకుని నిలబడ్డాను. "నేను పోతే నీకు జడ ఎవరేస్తారే?" అంది చెల్లమ్మక్క. నెలరోజులుగా నేనూ పలికిన మాటే, అప్పుడే మొదటిసారి విన్నాను. నా వంతు వచ్చినా ముందు నా జడ కొస తడుముకున్నాను, ఆ తర్వాతే నా మాట చెప్పాను. ఎవరూ తొందరపెట్టలేదు. నేను ఎదగడం ఆ కాస్త ఆలస్యంలోనే మొదలైందని ఇప్పుడనిపిస్తుంది.