చక్రాలున్న ఇంటికి నైరుతి

మొదటి ట్రక్కును వద్దన్నది నేనూ కాదు, మా ఆవిడా కాదు. వెనకాల తగిలించిన క్యాంపరే వద్దంది.

లెక్క ప్రకారం ముందు బండి కొనుక్కోవాలి, తరవాత అది లాగే ఇల్లు. మేం తిప్పి చేశాం. ఊరు మారిపోతున్న ఒక స్నేహితుడు తన క్యాంపర్ తీసుకోమంటే, వేసవి సెలవుల్లో పాపతో కొలరాడో కొండల దాకా వెళ్ళిరావచ్చని కొనేశాం. మంచాలు, వంటగది, స్నానాలగది అన్నీ ఉన్న ఇల్లు. లాగే దిక్కు మాత్రం లేదు. మేముండే ఇర్వింగ్ శివార్లలో బళ్ళు నిలుపుకునే అద్దె స్థలంలో, తూర్పుకి ముఖం పెట్టి మా కోసం ఎదురుచూస్తూ ఉండేది.

ఏ ట్రక్కు కొనాలో తేల్చుకోవడానికి శనివారానికొకటి అద్దెకు తెచ్చి, క్యాంపర్ తగిలించి నడిపి చూద్దామనుకున్నాం. ఖాళీ ఇల్లు లాగితే ఏం తెలుస్తుంది, నిజం ప్రయాణానికి సర్దినట్టే సర్దాలి అన్నాను. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, టెస్టింగ్‌లో నియమం తప్పను. తప్పులన్నీ జనం చేతికెళ్ళాక, ప్రొడక్షన్‌లోనే.

మా ఆవిడ బియ్యం బస్తా పట్టుకుని క్యాంపర్ గుమ్మంలో ఆగింది.

"ఏమండీ, నైరుతి ఎటు?"

"ఎందుకు?"

"బరువు నైరుతిలో ఉండాలిగా. ఇంట్లో అలాగే పెట్టాం కదా."

నాకు వాస్తు మీద నమ్మకం లేదు. లేదని గట్టిగా చెప్పే ధైర్యమూ లేదు. ఫోన్‌లో కంపాస్ తెరిచి చూస్తే, నైరుతి సరిగ్గా క్యాంపర్ వెనక కుడిమూలకి వచ్చింది. అక్కడ పాప మంచం, దాని కింద పెద్ద అర. బియ్యం బస్తా, గ్రైండర్, ఇనప పెనాలు, కుక్కర్లు, పనిముట్ల పెట్టె, ఊరుగాని ఊళ్ళో నీళ్ళు ఎలా ఉంటాయోనని మోసుకొచ్చిన క్యాన్లు, అన్నీ అందులోకే వెళ్ళాయి. అంత చక్కగా పట్టినందుకు ఇద్దరం మురిసిపోయాం.

ఆ శనివారం తెచ్చింది మామూలు పికప్. హైవే ఎక్కి వేగం అందుకున్నాక, పక్కనుంచి ఒక పెద్ద లారీ దాటిపోయింది. ఎవరో వెనకనుంచి నడుం పట్టుకుని లాగినట్టు మా ట్రక్కు ఎడమకి జరిగింది. తరవాత కుడికి. మళ్ళీ ఎడమకి, ఈసారి ఇంకొంచెం ఎక్కువగా. స్టీరింగ్ నా చేతిలోనే ఉంది గాని నా మాటలో లేదు.

"నాన్నా, హౌస్ డ్యాన్స్ చేస్తోంది," అంది వెనక సీట్లోంచి పాప.

యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాను. ఊపు తగ్గడానికి చాలాసేపు పట్టింది. మా ఆవిడ తలుపు పైన పట్టుకున్న పిడిని ఇల్లు చేరేదాకా వదల్లేదు.

మర్నాడు, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే ఒక మిత్రుడు పళ్ళెం పక్కన పెట్టి మరీ తీర్పు ఇచ్చాడు. "అన్నా, సింపుల్. ట్రక్ సరిపోలే. హెవీ డ్యూటీ తీస్కో, డీజిల్‌ది. కొండనైనా గుంజుతది."

ఆయన నడిపేది కరెంటు కారు. అయినా ఆ మాట నాకు నచ్చింది, తప్పు ట్రక్కుదని తేల్చింది గనక. మా ఇంట్లో హెవీ డ్యూటీ అంతా ఇన్నాళ్ళూ ఆవిడదే, ఇకమీదట ట్రక్కు కూడా ఒక చెయ్యి వేస్తుందని దారిలో చమత్కరించాను. ఆవిడ నవ్వలేదు.

రెండో శనివారం హెవీ డ్యూటీ తెచ్చాం. ఎక్కడానికే నిచ్చెన కావాలనిపించే బండి. అద్దెకిచ్చే పెద్దమనిషి తాళాలు చేతిలో పెడుతూ, వెనకాల ఏమన్నా ఉందని కూడా మీకు తెలియదు అన్నాడు. పొగడ్త అనుకున్నాను.

నిజంగానే తెలియలేదు. కప్పులో టీ తొణకలేదు. లారీలు దాటిపోతున్నా స్టీరింగ్ కదల్లేదు. నాకు ఈల వెయ్యాలనిపించింది, వేశాను. వెనకాల వచ్చే కార్లు ఎందుకో బాగా దూరంగా ఉండిపోతున్నాయి. పెద్ద బండికి దక్కే మర్యాద అనుకున్నాను.

మా ఆవిడ తన వైపు అద్దానికి ఫోన్ ఎత్తి పట్టుకుని ఉంది.

"స్లో చెయ్యండి."

"ఎందుకు? బ్రహ్మాండంగా పోతోంది కదా."

"మీరు ముందు స్లో చెయ్యండి." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

తరవాత వచ్చిన రెస్ట్ ఏరియాలో ఆపాక ఫోన్ నా చేతికిచ్చింది. వీడియోలో కుడివైపు అద్దం, అందులో మా క్యాంపర్. దాని తోక తెల్లగీత దాటి బయటికి వచ్చి, లోపలికి వెళ్ళి, అవతలికి పోయి కనపడకుండా అయి, మళ్ళీ బయటికి వస్తోంది. దాంతోపాటు హాయిగా ఒక ఈల వినిపిస్తోంది. అది నాదే.

చిన్న ట్రక్కు కనీసం భయపెట్టింది. దీనికి బలం ఎక్కువై, వెనక జరుగుతున్నది నాదాకా రానివ్వలేదు.

అక్కడే బల్ల మీద కూర్చుని ఫోన్‌లో వెతికాం. బరువు చక్రాలకి ముందు ఉండాలట. వెనక్కి పోతే తోక ఊగుతుందట. ఆవిడ లేచి వెళ్ళి మంచం కింద అర తెరిచింది.

"అంతా తోకలో పెట్టాం," అంది.

"నైరుతిలో పెట్టాం."

"ఇప్పుడెటుంది మీ నైరుతి?"

ఉన్నట్టుండి నైరుతి నాదైపోయింది. కంపాస్ తీశాను. ఆ పార్కింగ్‌లో బండి ముఖం పడమరకి తిరిగి ఉంది, నైరుతి ముందు ఎడమమూలకి వచ్చింది. వాస్తుకీ వాస్తవానికీ అక్కడ రాజీ కుదిరింది. బస్తాతో సహా అన్నీ ముందుకి మోశాం. పాప కుక్కరు మూతలు మోసింది.

తిరుగు ప్రయాణంలో క్యాంపర్ గీత గీసినట్టు వచ్చింది. అంటే, వచ్చిందని ఆవిడ చెప్పింది. నాకు వెళ్ళేటప్పుడూ అలాగే అనిపించింది కదా.

కొండలు ఎక్కడానికి, అంతకన్నా దిగడానికి, ఆ బలం కావాలి. హెవీ డ్యూటీయే కొన్నాం. సెలవులకి బయలుదేరేముందు ఆవిడ కారు తాళాలు కూడా చేతిలోకి తీసుకుంది.

"మొదటి కొండ మీరొక్కరే దిగండి. నేనూ పాపా కార్‌లో వెనక వస్తాం. కొంచెం దూరంగా."

"నన్ను నమ్మవా?"

"మిమ్మల్ని నమ్ముతా. మీకు తెలుస్తుందని నమ్మను."

అలా అయిదుగురు పట్టే ట్రక్కులో ఒక్కణ్ణే కొలరాడో సరిహద్దు దగ్గర కనుమ ఎక్కాను. దిగుడు మొదలయ్యేముందు ఆవిడకి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను.

"ఎలా ఉంది?"

"స్ట్రెయిట్‌గానే ఉంది." ఒక మలుపు తిరిగాక, "ఇక్కడ గాలి బాగా కొడుతోంది. మీకు తెలుస్తోందా?"

"లేదు."

ఆ తరవాత మాట వినిపించలేదు. కొండ అడ్డమొచ్చి సిగ్నల్ పోయిందో, చెప్పకూడనిదేదో చూసి ఆగిందో తెలియదు. అద్దంలో క్యాంపర్ తెల్లగోడ. మలుపు తిరిగినప్పుడు మాత్రం దాని వెనక మా కారు చిన్నగా కనిపించి మాయమయ్యేది. ఇంజన్ తనంత తానే వేగాన్ని పట్టి ఆపుతోంది. సీటు మెత్తగా ఉంది. ఏమీ అనిపించని ఆ దారంతా చొక్కా తడిసిపోయింది.

కిందికి దిగాక రోడ్డు పక్కన విశాలంగా ఉన్నచోట ఆపాను. కారు వచ్చి నా పక్కన ఆగింది. పాప నిద్రపోతోంది. ఆవిడ కిటికీ అద్దం దించింది.

"ఒక్కసారి ఊగింది," అంది. "మీకు తెలిసిందా?"

తల అడ్డంగా ఊపాను.

"ఇంకా కొండలున్నాయా?"

"ఉన్నాయి."

ఆవిడ కిటికీ అద్దం పైకెత్తి, నన్ను ముందు కదలమని చెయ్యి ఊపింది.