తొండ పక్కన సార్ రక్తం

ఇది మనిషికీ తొండకీ మధ్య జరిగిన మహాసంగ్రామం. అంటే, బాపట్ల కాలేజీలో మా జువాలజీ సార్ తన వేలు తానే గుచ్చుకునే అలవాటు గురించి.

మన తెల్ల రక్తకణాల్లో క్రిములను చంపే ఎంజైము ఒకటి ఉంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన రసాయనం వేస్తే ఆ కణం గోధుమ రంగుకు తిరుగుతుంది. తొండ కణం తిరగదని చూపించడమే నా ప్రాజెక్టు. తొండ స్లైడు పక్కన మనిషి స్లైడు తప్పనిసరి. ఆ మనిషి ఎప్పుడూ సారే. "ముందు మన సంగతి చూద్దాం" అంటూ సూది అందుకునేవారు.

ప్రాజెక్టు ఇవ్వాల్సిన ముందురోజు, తెనాలి వెళ్లి రేపల్లె బండి అందుకోవాలన్న తొందరలో నేను మనిషి స్లైడు మానేశాను. తొండకు రంగు రాలేదు. రాదని రాసేశాను.

"నాదేదిరా?" అన్నారు సార్.

"మీరు మనిషేనని తెలిసిందే కదండీ!"

ఆయన వేలు గుచ్చుకున్నారు. ఆ కణాలకూ రంగు రాలేదు.

సార్‌కి ఏదైనా జబ్బా? ఆయన నింపాదిగా నా వేలూ గుచ్చారు. నాకూ రాలేదు.

"నీ రికార్డు ప్రకారం మనిద్దరం తొండలమేరా. ఆ పేజీ కొట్టేయ్."

కొట్టేశాను. బండి వెళ్లిపోయింది.

ఇప్పుడు తెనాలిలో ల్యాబు ఉద్యోగం నాది. ఎవరి రక్తంలోనైనా ఏదైనా లేదని రాయబోతే, ముందు నా వేలు దురదపెడుతుంది.

హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసాకు మూత గట్టిగా బిగించాలి, లేకపోతే దాని బలం పోయి ఎవరి కణానికీ రంగు రాదు. అంతకుముందు వాడినప్పుడు నేను బిగించలేదు.