అడ్డం పెట్టిన చెయ్యి

ఆదివారం పొద్దున చికెన్ షాపు ముందు గిరాకీ నిలబడి ఉన్నప్పుడు తెలిసింది. మేడ్చల్‌లో ఎముకల డాక్టరమ్మ పోయిందట, నిద్రలోనే గుండె ఆగిపోయిందట. చెప్పిన మనిషి కిలో స్కిన్‌లెస్ అడుగుతూ మధ్యలో ఆ మాట అన్నాడు. నా కత్తి కోడి తొడ కీలులో ఉంది. ఆ తరువాత నాకు ఒక్క కీలూ దొరకలేదు, ఎముకలన్నీ నుజ్జు చేశాను. షామీర్‌పేటలో నా కోతకు పేరుంది. ఆ రోజు ఎవరికి ఏం కోసి ఇచ్చానో దేవుడికే తెలియాలి.

పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. నాకు చేతకాదు. ఆమెను తలుచుకుంటే నాకు ముందు వినిపించేది దెబ్బల చప్పుడే.

ఆమె దవాఖానలో రోగి కూర్చోగానే మందు రాయడం ఉండేది కాదు. తలుపు దగ్గరి నుంచి కుర్చీ దాకా నడిపించి, చేతులు కట్టుకుని చూసేది. మోకాలు నొప్పి అంటే ఎక్కడో ఒక్క వేలితో చూపించమనేది. గుంజుతాందా, సలుపుతాందా, తిమ్మిరెక్కుతాందా అని విడివిడిగా అడిగేది. అన్నీ ఒకటే కదా మేడం అన్నారో, అయిపోయారే! ఇంకో పద్ధతి ఉండేది. దెబ్బ తగిలిన చేతిని ముందు ముట్టేది కాదు. “ముందు మంచి చెయ్యి ఇయ్యి” అనేది. బాగున్నది ఎంత వంగుతుందో, ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూసుకున్నాకే రెండోదాని దగ్గరికి వచ్చేది.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు పక్కన నా మొగుడున్నాడు. షటర్ గుంజే ఇనుప కడ్డీతో కొట్టాడు. తలకాయ పగలాల్సింది, ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. ఎందుకు కొట్టాడని మాత్రం అడగకండి. గిరాకీతో నవ్వానని ఒకరోజు, నవ్వకుండా గిరాకీని పోగొట్టానని ఇంకోరోజు. కారణం ఉంటేనే కొట్టేవాడా వాడు!

బాత్రూంలో జారి పడ్డానని చెప్పాను. అక్కడ నీళ్లు నిలుస్తాయని వాడు అందుకున్నాడు. ఆమె తల ఊపి, కట్టుకు సామాను తెమ్మని వాడిని మందుల షాపుకు పంపింది. వాడు మెట్లు దిగగానే నా ఎక్స్‌రే వెలుతురుకు పెట్టింది.

“పడేటోళ్లు అరచెయ్యి ఆనిస్తరు. మణికట్టు ఇరుగుతది. నీది చిటికెన వేలు దిక్కు బొక్క, నట్టనడుమ ఇరిగింది. ఇది అడ్డం వెట్టిన చెయ్యి. పడ్డవా, కొట్టిండా?”

“పడ్డ” అన్నాను. ఇల్లు వాడిది, షాపు వాడిది, మా అమ్మమ్మ తప్ప నాకెవరూ లేరు, ఆమె కూడా మంచాన ఉంది. కొట్టాడని చెప్పి ఎక్కడికి పోవాలి? డాక్టరమ్మ తన అనుమానం పోలీసులకు తాను రాస్తానంది, చెప్పడం మాత్రం నేనే చెప్పాలంది. రాసింది. పోలీసులు ఇంటికి వచ్చారు. వాళ్లకూ పడ్డాననే చెప్పాను. వాళ్లు అటు వెళ్లగానే వాడు నా జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు, పక్క పన్ను ఊడి నోట్లోకి వచ్చింది. నీ సంగతి, ఆ డాక్టర్ సంగతి చూస్తానన్నాడు.

కట్టు విప్పే రోజు వాడికి చెప్పకుండా వెళ్లాను. ఆమె అప్పుడే కట్టు కోసి నా చెయ్యి వంచి చూస్తోంది. వాడు తప్పతాగి, అదే కడ్డీ పట్టుకుని లోపలికొచ్చాడు. మాటా పలుకూ లేదు, నా నెత్తి మీదికి ఎత్తాడు. నా ముఖానికీ కడ్డీకీ మధ్యలోకి తెల్ల కోటు చెయ్యి వచ్చింది. రోజూ ఎముకలు కొట్టేదాన్ని, ఆ చప్పుడేమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అప్పుడు నాకు పిచ్చి లేచింది. ఆ పుల్లలాంటి చేత్తోనే వాడి గొంతు పట్టుకున్నాను, గోళ్లు దిగేదాకా వదల్లేదు. మోకాళ్లు వంగట్లేదని మూలుగుతూ వచ్చిన ముసలమ్మలు ఏ దిక్కు నుంచి లేచారో, చేతికర్రలతో వాడి మీద పడ్డారు. వాడి మూతి పగిలి గచ్చంతా నెత్తురు. కింద కూలబడ్డ డాక్టరమ్మ తన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అరిచింది.

“ఇగ ఆపుండ్రి! మీరు ఇరగ్గొడితే మళ్ల నేనే కట్టాలె.”

తరువాత నన్ను దగ్గరికి పిలిచింది. “సూడు, నాది గూడ నడుమనే ఇరిగింది. నేను పడ్డనా?”

“పడలే మేడం.”

“మరి నువ్వు?”

“నేను గూడ పడలే. కొట్టిండు. పెండ్లయిన కాడి నుంచి కొడుతుండు.”

పోలీసులకూ అదే చెప్పాను. వాడు జైలుకు పోయాడు, బయటికొచ్చాక కూడా ఇటు దిక్కు చూడలేదు. షాపు నేనే నడుపుతున్నాను. ఆ కడ్డీ పోలీసులు తీసుకుపోయారు కాబట్టి సరిపోయింది, లేకుంటే వాడి వీపు మీదే వంచేదాన్ని.

ఆమె చెయ్యి మాత్రం సరిగ్గా అతకలేదు. ఊరందరికీ విశ్రాంతి చెప్పే మనిషి తాను ఒక్క వారం కూర్చోలేదు. మధ్యలో బొడిపె కట్టింది. ఆ తరువాత ఏ ఆడమనిషి ‘పడ్డ’ అన్నా, కోటు చెయ్యి మడిచి ఆ బొడిపెను బల్ల మీద పెట్టేదట. కొందరు నోరు విప్పేవారు. కొందరు లేచి వెళ్లిపోయేవారు. వెళ్లి కలిసినప్పుడల్లా వాళ్ల మొగుళ్లను ఆమె తిట్టే తిట్లు విని, అంత చదువు చదివి ఇవెక్కడ నేర్చావమ్మా అని నేను నవ్వేదాన్ని. అమ్మ లేని నాకు ఆమె అమ్మే.

ఆదివారం షాపు మూసి, సబ్బుతో చేతులు రుద్దుకుని వెళ్లాను. ఆమెను అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. నా ముందు ఒక పిల్ల నిలబడి ఉంది, ఎడమ ముంజేతికి కొత్త కట్టు. ఆమె వెనకే మొగుడు, వేలికి బండి తాళం తిప్పుతూ. ఏమైందని అడిగాను. మెట్ల మీద పడ్డానంది. చూసుకుని నడవదని వాడన్నాడు.

నా ఒళ్లు భగ్గుమంది. వాడి మెడ మీదికి పోయిన చేతిని అతికష్టం మీద వెనక్కి తెచ్చుకున్నాను. గాజులు పైకి తోసి, విరిగినచోట బొడిపె కట్టిన నా ఎడమ చెయ్యి అద్దం మీద పెట్టాను. సరిగ్గా దాని కింద, బంతిపూల మధ్య, డాక్టరమ్మ ఎడమ చెయ్యి. పిల్ల రెండు బొడిపెలనూ చూసింది.

“ముందు మంచి చెయ్యి ఇయ్యి, బిడ్డా” అన్నాను.

నడువు, లైను ఆగిందని వాడు వెనక నుంచి గదిమాడు. పిల్ల కదల్లేదు. కుడి చెయ్యి మెల్లగా ఎత్తి, నా చేతి పక్కనే ఆనించింది. చల్లటి అద్దం మీద ఆ ఐదు వేళ్ల చుట్టూ ఆవిరి పట్టింది.