మెయిన్ గుంజినా మోగిన గంట

మా మిల్లు వైర్‌మన్ పెద్దాయన జబ్బుతో కన్నుమూశాడని పోయిన గురువారం సూర్యాపేట దవాఖాన నుంచి కబురు వచ్చింది. చదువరులారా, ఏడుస్తూ రాయడం లేదు నేను. గెలిచిన మనిషి గురించి రాస్తున్నాను!

మిర్యాలగూడ బియ్యం మిల్లులో బస్తాలు మోస్తాను, ఆదివారం వాక్యం చెప్తాను. చొక్కా జేబులోని గ్రంథమే నా బడి. పెద్దాయనది కోదాడ. ఆటపట్టించడానికి నన్ను "పాస్టరుగారూ" అనేవాడు.

నూకలు చెరిగే ఆడవాళ్లు వెనక రేకుల షెడ్డులో కూర్చుంటారు. నా భార్య వాళ్లలో ఒకతె. నిప్పు పుడితే కొట్టడానికి ఆఫీసు గోడకు ఒక్క పాత కరెంటు గంట ఉండేది. షెడ్డులో ఇంకొకటి పెట్టాలని, రెండింటినీ లారీ బ్యాటరీ మీద నడపాలని ఆయన పట్టుబట్టాడు.

"కరెంటుండంగ బ్యాటరీ ఎందుకయ్యా? గంటను లారెక్కించి ఊరేగిస్తవా?" అన్నాడు మిల్లు యజమాని షావుకారు.

"నిప్పంటుకుంటే మీరు మొదట చేసే పనేంటండీ?"

"మెయిన్ గుంజుత. గిది గూడ అడగాల్నా?"

"అయితే గుంజండి."

షావుకారు మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. మిల్లంతా ఆగింది. పెద్దాయన గంట బటన్ నొక్కాడు. చప్పుడు లేదు. "ఇదండీ మీ గంట. కరెంటు పోయిందనుకుని ఆ ఆడవాళ్లు కొంగుతో విసురుకుంటూ లోపలే కూర్చుంటారు."

నేనూ ఊరుకోలేదు. "కాపాడేటోడు పైన ఉన్నడు. నీ బ్యాటరీ ఎంత, పెద్దయ్యా?" అన్నాను.

"ప్రార్థన మీరు చేయండి పాస్టరుగారూ. తీగ నేను లాగుతాను."

గ్రంథంలోని కావలివాడు బూర ఊదకపోతే పోయిన ప్రాణాల లెక్క దేవుడు ఎవరినడుగుతాడో ఎన్నిసార్లు ప్రసంగించానో! ఇంటిదారిలో గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. తెల్లారి వెళ్లి, షావుకారు ఒప్పుకున్న రెండో గంటకు తీగ లాగుతుంటే ఆయన నిచ్చెన పట్టుకున్నాను.

ఆ తర్వాత ప్రతి శనివారం ఆయన మెయిన్ తీసి గంట కొట్టేవాడు. ఆడవాళ్లంతా లేచి బయటికి రావాల్సిందే.

"పని ఖరాబు చేస్తున్నవ్ పెద్దయ్యా" అని నా భార్య సణిగేది.

"మోగడం గంట పని, లేవడం మీ పని తల్లీ" అనేవాడు.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం గోనెసంచుల గది అంటుకుంది. షావుకారే ఉరికి మెయిన్ గుంజాడు. మరలు ఆగాయి. బస్తా పారేసి షెడ్డు వైపు పరుగెత్తాను. పొగ దారి మూసేసింది. ఇన్నేళ్ల బోధకుణ్ణి, నోట ఒక్క ప్రార్థన రాలేదు.

అప్పుడు మోగింది! పెద్దాయన బటన్ మీద నుంచి వేలు తీయలేదు. చుట్టూ తిరిగి వెళ్లేసరికి ఆడవాళ్లు వెనక ద్వారం లోంచి ఒక్కొక్కరే బయటపడుతున్నారు. అందరికన్నా చివర నా భార్య, చేతిలో చాటతో. కాసేపటికి రేకులు కూలాయి. కూలనీ! కింద ఒక్క ప్రాణం లేదు! నేను పెట్టిన హల్లెలూయా కేక బజారు దాకా వినబడిందట.

షావుకారు వచ్చి చేతులు పట్టుకుంటే, "బ్యాటరీలో నీళ్లు పోయించాలండీ" అన్నాడాయన.

శుక్రవారం ఆయన్ను మట్టికి అప్పగించి వచ్చాం. తెల్లవారితే శనివారం. ఎవరూ చెప్పకుండానే షావుకారు మెయిన్ గుంజాడు. నేను బటన్ నొక్కాను. కొత్త షెడ్డులోంచి ఆడవాళ్లు వచ్చి ఎండలో నిలబడ్డారు. అందరికన్నా ముందు నా భార్య, మోచేతుల దాకా తవుడుతో. ఈసారి ఎవరూ సణగలేదు.

బటన్ మీద నుంచి వేలు తీయబుద్ధి కాలేదు నాకు.